సముద్రం పులిసిపోతోందంటే అసలు కారణం ఏంటండి? (అమ్మాయి ప్రాజెక్టు, శనివారం లోపు కావాలి)

బాపట్ల_నాన్న
అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కి "సముద్ర ఆమ్లీకరణ – కారణాలు" అని టాపిక్ ఇచ్చారు. ఆదివారమంతా కూర్చుని థర్మాకోల్‌కి నీలం రంగు వేసి, ఒడ్డున ఒక ఫ్యాక్టరీ, అందులోంచి సముద్రంలోకి ఒక గొట్టం, గొట్టంలోంచి ఆకుపచ్చ నీళ్లు పడుతున్నట్టు మోడల్ చేశాం. చూడ్డానికి బాగానే వచ్చింది. సాయంత్రం మా బావమరిది వచ్చి, "ఇదంతా తప్పు బావా, ఆమ్లం గొట్టంలోంచి రాదు, గాలిలోంచి వస్తుంది" అనేసి కాఫీ తాగి వెళ్లిపోయాడు. వివరం అడిగితే గూగుల్ చేసుకోమన్నాడు. చేశాను. సగం అర్థం కాలేదు, అర్థమైన సగం నమ్మబుద్ధి కాలేదు. గొట్టం పీకేయాలా, ఉంచాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

సున్నపుతేట_మాస్టారు
మీ బావమరిది చెప్పింది నిజమే. గొట్టం పీకేయండి, ఫ్యాక్టరీ ఉంచండి. పైన పొగగొట్టం లేకపోతే ఒకటి అతికించండి.

పాత తెలుగు పుస్తకాల్లో కార్బన్ డయాక్సైడ్‌ని బొగ్గుపులుసు వాయువు అనేవాళ్లం. ఆ పేరులోనే మీ ప్రశ్నకి సగం జవాబుంది. పులుసు అంటే ఆమ్లమే. ఆ వాయువు నీళ్లలో కరిగితే కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. గోలీ సోడా తాగినప్పుడు నాలుక చురుక్కుమనేదానికి గ్యాస్ బుడగలు ఒక్కటే కారణం కాదు, ఆ ఆమ్లం కూడా. సముద్రం మీద ఉన్న గాలిలో ఆ వాయువు పెరిగితే సముద్రం కూడా కాస్త కాస్త సోడా అవుతుంది. సోడా కొట్టువాడు ఒత్తిడి పెట్టి ఒక్క నిమిషంలో చేసేపనిని మనం బొగ్గు, పెట్రోలు, గ్యాస్ కాల్చి రెండొందల ఏళ్లుగా చేస్తున్నాం.

పరిశ్రమలు రాకముందు గాలిలో అది పది లక్షల వంతుల్లో 280 వంతులు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. బొగ్గు, చమురు, గ్యాస్, సిమెంటు కలిపి మనం ఏటా వదిలేది సుమారు 3700 కోట్ల టన్నులు. అడవులు కొట్టేయడం వల్ల వచ్చేది దానికి అదనం. ఈ మొత్తంలో దాదాపు నాలుగో వంతు, అంటే ఏడాదికి 1000 కోట్ల టన్నులకు అటూ ఇటూగా సముద్రం మింగుతోంది. అలా మింగబట్టే ఎండలు ఇంకా ముదరలేదు. మింగినందుకు సముద్రానికి పట్టిన జబ్బు ఇది.

అనుమానాల_అప్పారావు
మాస్టారూ, దండం పెట్టి అడుగుతున్నా. సముద్రపు నీటి పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) 8.2 నుంచి 8.1కి వచ్చిందని చదివాను. 7 కంటే పైన ఉంటే క్షారమే కదా? ఆమ్లం ఎక్కడుంది? 0.1 తగ్గినందుకా ఇంత గోల?

సున్నపుతేట_మాస్టారు
మంచి ప్రశ్న. సముద్రం ఇప్పుడు ఆమ్లం కాదు, దగ్గర్లో కాబోదు కూడా. ఆమ్లీకరణ అనేది అది ఏ దిక్కుగా పోతోందో చెప్పే మాట. పొగలు కక్కే కాఫీ కాస్త చల్లారిందంటాం, ఐస్ అయిపోయిందని కాదుగా.

ఇక 0.1 సంగతి. పీహెచ్ స్కేలు మన కూరగాయల తూకం లాంటిది కాదు, లాగరిథం లెక్క. ఒక్క అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లవుతాయి. 0.1 తగ్గితే 1.26 రెట్లు. అంటే 26 శాతం పెరిగినట్టు. అమ్మాయి చేత ఈ లెక్క బోర్డు మీద వేయించండి, జడ్జీలు అక్కడే ఆగుతారు.

చెరువుగట్టు_శ్రీను
భీమవరం పక్కన మాది ఆరెకరాల వనామి రొయ్యల చెరువు. పీహెచ్ అన్నారని లోపలికొచ్చాను. మా చెరువులో పొద్దున ఆరింటికి 7.8 ఉంటుంది, మధ్యాహ్నం మూడింటికి 8.5. రాత్రి తెల్లవార్లూ రొయ్య, ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సన్న నాచు), అడుగు బురద అన్నీ ఊపిరి వదులుతాయి, ఆ గ్యాస్ నీళ్లలోనే ఉండి పీహెచ్ దిగుతుంది. ఎండెక్కాక ప్లాంక్టన్ ఆ గ్యాస్‌ని తినేస్తుంది, పీహెచ్ ఎక్కుతుంది. ఫ్యాక్టరీ లేదు, గొట్టం లేదు. కాబట్టి గ్యాస్ వల్లే పీహెచ్ దిగుతుందన్న మాట మాకు పుస్తకం చూపించి చెప్పక్కర్లేదు, రోజూ కిట్‌లో రంగు చూస్తూనే ఉన్నాం.

అనుమానాల_అప్పారావు
శ్రీనుగారూ, మీరు నా వైపే మాట్లాడారు 😀 మీ చెరువులో రోజుకి 0.7 ఎగిరిపడుతుంటే రొయ్య బతుకుతోంది. సముద్రం రెండొందల ఏళ్లలో 0.1 దిగితే చేపలు చస్తాయా?

చెరువుగట్టు_శ్రీను
అలా ఊరికే బతకదండి, మేం బతికిస్తున్నాం. ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, నీళ్లలో పడిపోతే సున్నం, డోలమైట్, బేకింగ్ సోడా బస్తాలు బస్తాలు దించుతాం. ఒక పంటలో బద్ధకించి ఆల్కలినిటీ చూసుకోలేదు. వర్షాలకి 60 పీపీఎంకి (పది లక్షల వంతుల్లో 60) వచ్చేసింది. గుల్ల విడిచిన రొయ్య మళ్లీ గట్టిపడలేదు. వల వేసి చేత్తో పట్టుకుంటే తడి కాగితం పట్టుకున్నట్టుంది. లూజ్‌షెల్ అని కొనేవాడు కేజీకి ఎంత కోశాడో చెప్తే మీకూ టెన్షన్ వస్తుంది. మందుల షాపాయన మినరల్ మిక్స్ అంటగట్టాడు, పనికొచ్చింది మాత్రం సున్నమే. మరి సముద్రంలో సున్నం ఎవరు చల్లుతారు?

ఇంకోటి. మా 7.8, 8.5 మధ్య ఊగడం మామూలే. ఆ ఊగే తాడు మొత్తం కిందికి జారి 7.3, 8.0 అయితేనే మాకు గుండె జారుతుంది.

అల_విశాఖ
శ్రీనుగారు చివర్లో చెప్పిందే అసలు పాయింట్. నేను విశాఖలో సముద్ర రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. తీరంలో, చెరువుల్లో ఊగిసలాట ఎప్పుడూ ఉంటుంది. నడిసముద్రంలో అది చాలా తక్కువ. అక్కడి జీవాలు ఆ నిలకడకే అలవాటు పడ్డాయి. సగటు కిందికి జరిగితే, ఊగిసలాటలో అడుగు అంచు ఇంకా కిందికి పోతుంది.

శ్రీనుగారి కిట్ లెక్కలో సముద్రపు నీటి ఆల్కలినిటీ సుమారు 115–120 పీపీఎం. ఇక్కడ చాలామంది పొరబడతారు. గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ దిగినంత మాత్రాన ఆల్కలినిటీ తగ్గదు. పీహెచ్ తగ్గుతుంది, కార్బొనేట్ తగ్గుతుంది. కొత్తగా పుట్టిన హైడ్రోజన్ అయాన్లను నీళ్లలో ఉన్న కార్బొనేట్ పట్టుకుని బైకార్బొనేట్‌గా మారిపోతుంది. అదే సముద్రానికున్న రక్షణ. కానీ గుల్ల, నత్త, పగడం ఇల్లు కట్టుకోవడానికి కావలసిన సరుకు కూడా ఆ కార్బొనేటే. దొంగల్ని ఆపడానికి తలుపులు తీసి అడ్డం పెట్టినట్టు. దొంగ ఆగాడు, ఇంటికి తలుపు లేదు.

సున్నపుతేట_మాస్టారు
అమ్మాయి ప్రాజెక్టుకి ఇదే వాడండి! బాపట్ల బాబూ, బొగ్గుపులుసు వాయువు "సున్నపుతేటను పాలవలె మార్చును" అన్న పాఠం గుర్తుందా? తెలుగు మీడియంలో చదివినవాడెవడూ ఆ వాక్యం మరిచిపోడు. అందరూ గొట్టంతో ఊదారు, తెల్లబడింది, మార్కులు పడ్డాయి, గ్లాసు పారబోశారు. ఊదడం ఆపకుండా ఉంటే ఏమవుతుందో ఎవరూ చూడలేదు.

ఆపకుండా ఊదితే ఆ తెలుపు పోతుంది. మొదట ఏర్పడిన తెల్లటి పొడి కాల్షియం కార్బొనేట్, గవ్వలో ఉండే పదార్థమే. ఇంకా వాయువు పోస్తే అది బైకార్బొనేట్‌గా మారి కరిగిపోతుంది. గ్లాసులో రెండు నిమిషాల తేడాతో రెండూ కనిపిస్తాయి.

బాపట్ల_నాన్న
మాస్టారూ, పాదాభివందనం. ఆ వాక్యం నేనూ వల్లె వేశాను. రెండో సగం ఉందని ఇవాళే తెలిసింది. చిన్న డౌటు: పిల్ల ఊది ఊది ఆయాసపడితే?

సున్నపుతేట_మాస్టారు
ఊదక్కర్లేదు. తాంబూలంలోకి వాడే సున్నం చెంచాడు లీటరు నీళ్లలో కలిపి రాత్రంతా వదిలేయండి. పొద్దున పైన తేరుకున్న తేట మాత్రం వంచుకుని, దానికి సమానంగా మంచినీళ్లు కలపండి. అందులో తీపి లేని ఉత్త సోడా కొద్దికొద్దిగా పొయ్యండి. ముందు పాలలా అవుతుంది, పోస్తూ పోతే తేటపడుతుంది. సున్నం కళ్లలో పడకుండా చూసుకోండి, పొరపాటున కూడా నోట్లోకి పీల్చనివ్వకండి.

అనుమానాల_అప్పారావు
సోడా అన్నారు కాబట్టి సోడాతోనే అడుగుతా. ఎండలో పెట్టిన సోడాలోంచి గ్యాస్ పోతుంది. సముద్రాలు వేడెక్కుతున్నాయంటున్నారు. అప్పుడు గ్యాస్ బయటకి పోవాలి గానీ లోపలికి ఎలా వెళ్తోంది? రెంట్లో ఒకటి అబద్ధం.

అల_విశాఖ
రెండూ నిజమే. వేడెక్కిన నీళ్లు తక్కువ గ్యాస్ పట్టుకుంటాయి. కానీ సోడా సీసా మూత తీసినప్పుడు గ్యాస్ ఎందుకు పోతుంది? బయట గాలిలో అది తక్కువ ఉంది కాబట్టి. ఇక్కడ బయటే పెరుగుతోంది. నీళ్లు వేడెక్కడం వల్ల బయటకి నెట్టేదానికన్నా, గాలిలో పెరగడం వల్ల లోపలికి తోసేది చాలా ఎక్కువ. వేడి లేకపోతే సముద్రం ఇంకా ఎక్కువే మింగేది. ధ్రువాల దగ్గర నీళ్లు చల్లన కాబట్టి అక్కడ కార్బొనేట్ కొరత ముందుగా వస్తోంది.

ఇది ఊహ కాదు, కొలిచిన సంగతి. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958 నుంచి గాలిని కొలుస్తున్నారు. అదే దీవుల ఉత్తరాన అలోహా అనే చోట 1988 నుంచి ఓడ వేసుకెళ్లి సముద్రపు నీళ్లు తోడి చూస్తున్నారు. గాలి గీత పైకి, నీటిలో కార్బన్ గీత పైకి, పీహెచ్ గీత కిందికి. సముద్రమే గ్యాస్ వదులుతుంటే నీటిలో కార్బన్ తగ్గాలిగా?

అనుమానాల_అప్పారావు
సరే. పెరుగుతున్న గ్యాస్ మనదే అని ఎలా చెప్తారు? అగ్నిపర్వతాలు లేవా?

నల్లగొండ_నవీన్
అప్పారావన్నా, నువ్వు నిద్రపోవా 😂

అల_విశాఖ
పర్లేదు, అడగనివ్వండి. ఇవే ప్రశ్నలు మా వైవాలో కూడా వచ్చాయి.

అగ్నిపర్వతాలన్నీ కలిపి ఏటా వదిలేది మనం వదిలేదాంట్లో నూటికి రెండు మూడు వంతులకు మించదు. పైగా అవి ఈ రెండొందల ఏళ్లలో కొత్తగా మొదలుపెట్టలేదు.

రెండోది, కార్బన్‌కి పుట్టుమచ్చ ఉంటుంది. మొక్కలు గాలిలోని తేలికరకం కార్బన్‌ని ఎక్కువ ఇష్టపడతాయి. బొగ్గూ చమురూ పాత మొక్కల, ప్లవకాల అవశేషాలే కాబట్టి వాటిలోనూ తేలికరకమే ఎక్కువ. ఇంకా, కార్బన్-14 అనే రేడియోధార్మిక రకం 5730 ఏళ్లకు సగమవుతుంది. కోట్ల ఏళ్ల నాటి బొగ్గులో అది మిగలదు. హాన్స్ స్యూస్ అనే శాస్త్రవేత్త 1950లలోనే గాలిలో ఈ కార్బన్-14 పలచబడటాన్ని చెట్ల వలయాల్లో పట్టుకున్నాడు. ఆయనే రోజర్ రెవెల్‌తో కలిసి 1957లో రాసిన పేపరు ఈ సబ్జెక్టులో మాకు మొదటి పాఠం. ఇప్పుడు సముద్రపు పైపొరలో కూడా కార్బన్ తేలికపడుతోంది. అగ్నిపర్వతాల గ్యాస్‌కి ఈ గుర్తులు సరిపోవు.

అగ్నిపర్వతం ఊసెత్తారు కాబట్టి ఒకటి. ఇటలీలో నేపుల్స్ దగ్గర ఇస్కియా అనే దీవి ఉంది. అక్కడి పాత కోట పక్కన సముద్రం అడుగు నుంచి కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తుంటాయి. బుడగలకు దూరంగా గుల్లలు, పగడాలు మామూలుగా ఉంటాయి. దగ్గరకొచ్చేకొద్దీ అవి తగ్గిపోతాయి, ఉన్న నత్తల పెంకులు అరిగి ఉంటాయి. ఆ నీళ్లలో ఈతకి దిగితే పెద్ద తేడా ఏమీ తెలియదు.

నల్లగొండ_నవీన్
సిమెంటు గురించి ఎవ్వరూ మాట్లాడలేదు, మాది హుజూర్‌నగర్ దిక్కు కాబట్టి నేనే చెప్తా. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలే. కిల్న్‌లో మండే బొగ్గుదే పొగ అనుకుంటారు అందరూ. కాదు. సున్నపురాయిని కాలిస్తే రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ ఊడొస్తది. సిమెంటు వల్ల వచ్చేదాంట్లో సగానికి ఎక్కువ ఈ రాయిదే. ప్రపంచం మొత్తం వదిలేదాంట్లో సిమెంటు వాటా 7–8 శాతం దాకా ఉంటది.

తమాషా ఏందంటే, మా దగ్గరి సున్నపురాయి, మీ ఇండ్లల్ల పరిచిన నాపరాయి ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్నదే. సముద్రం కోట్ల ఏండ్లు కష్టపడి రాయి చేసి దాచిపెడితే, మనం తవ్వి, కాల్చి, మళ్ల దాని నెత్తినే పోస్తున్నం. మా తాత కాలంలో గుల్ల సున్నం కాల్చేటోళ్లు, అది కూడ ఇదే లెక్క. కాకపోతే ఆ బట్టీ ఎంత, ఈ కిల్న్ ఎంత.

పోర్ట్‌లాండ్_పద్మ
నేను ఒరెగాన్‌లో ఉంటాను. ఇక్కడ జరిగింది చెప్తాను, మీ అమ్మాయికి పనికొస్తుందేమో. మా ఇంటి నుంచి గంటన్నర దూరంలో నెటార్ట్స్ బే అని ఉంది, వీకెండ్‌లో పీతలు పట్టడానికి వెళ్తుంటాం. అక్కడ విస్కీ క్రీక్ అనే ఆయిస్టర్ హేచరీ ఉంది, అంటే తినే గుల్లల పిల్లల్ని పెంచే చోటు. 2007, 2008లలో వాళ్ల ట్యాంకుల్లో పిల్లలు లక్షలకు లక్షలు చచ్చిపోయాయి. ముందు బ్యాక్టీరియా అనుకుని ఫిల్టర్లు మార్చారు. తగ్గలేదు. చివరికి ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీవాళ్లతో కలిసి నీటి రసాయనం చూస్తే తేలింది. ఎండాకాలంలో ఉత్తరపు గాలి వీచినప్పుడు లోతునుంచి చల్లటి నీళ్లు పైకి తన్నుకొస్తాయి. ఆ నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, కార్బొనేట్ తక్కువ. గుడ్డులోంచి వచ్చిన మొదటి రెండు రోజుల్లోనే పిల్ల పెంకు కట్టుకోవాలి, కట్టుకోలేకపోయింది.

లోతు నీళ్లలో ఆ గ్యాస్ సహజంగానే ఎక్కువండి, పైనుంచి రాలిన చెత్తంతా అక్కడ కుళ్లుతుంది కాబట్టి. దానికి తోడు ఆ నీళ్లు కొన్ని దశాబ్దాల క్రితం పైన ఉన్నప్పుడు అప్పటి గాలిలోని మన పొగని కూడా పట్టుకుని మునిగాయి. ఇప్పటి పొగతో మునుగుతున్న నీళ్లు ఇంకా రావాల్సి ఉంది. ఇప్పుడు ఆ హేచరీవాళ్లు నీళ్లు కొలిచి సోడా యాష్ (సోడియం కార్బొనేట్) కలిపి వాడుకుంటున్నారు.

చెరువుగట్టు_శ్రీను
అమ్మా పద్మగారూ, అమెరికా ఆయనా, నేనూ ఒకే బస్తా మోస్తున్నామన్నమాట!

బాపట్ల_నాన్న
అద్భుతంగా ఉంది. కానీ మా బాపట్ల తీరం మాటేంటి? సూర్యలంక బీచ్‌కి వెళ్లి నీళ్లు పట్టుకొస్తే ఇదంతా కనిపిస్తుందా?

అల_విశాఖ
ఒక్క సీసాతో కనిపించదు. పొద్దున పట్టిన సీసాకీ సాయంత్రం పట్టిన సీసాకీ తేడా ఉంటుంది, శ్రీనుగారి చెరువులాగే. ఏళ్ల తరబడి కొలవాలి.

మన బంగాళాఖాతం కథ కొంచెం వేరు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఇటే పడతాయి. నది నీటిలో ఆల్కలినిటీ సాధారణంగా సముద్రపు నీటికంటే తక్కువ. మంచినీళ్లు కలిసినచోట ఆమ్లాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. శ్రీనుగారి చెరువుకి వర్షం పడ్డట్టే అనుకోండి.

ఇంకోటి, గాలిలోంచి రాలే ఇతర ఆమ్లాలు. బొగ్గు, డీజిల్ కాలిస్తే గంధకం, నత్రజని ఆక్సైడ్లు కూడా వస్తాయి. ప్రపంచ సముద్రం మొత్తంగా చూస్తే కార్బన్ డయాక్సైడ్ ముందు వీటి వాటా చాలా చిన్నది. తీరం దగ్గర మాత్రం తీసిపారేయలేం. ఇక్కడ విశాఖలో ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రంవాళ్లు బంగాళాఖాతం వాయవ్య తీరపు నీళ్లను ఇరవై ఏళ్ల తేడాతో పోల్చి చూశారు. పీహెచ్ తగ్గుదలలో గంగా మైదానం వైపు నుంచి చలికాలపు గాలితో వచ్చే సల్ఫేట్, నైట్రోజన్ కాలుష్యానికి చెయ్యి ఉందని రాశారు.

ఇక ఎరువులు. పొలంలో వేసిన యూరియా, డీఏపీ డ్రెయిన్ల గుండా సముద్రం చేరితే ప్లాంక్టన్ విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి అడుగుకు చేరి కుళ్లితే ఆక్సిజన్ తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. అమెరికాలో మిసిసిపి నది కలిసేచోట దీన్ని బాగా కొలిచారు.

బాపట్ల_నాన్న
ఆగండాగండి. డ్రెయిన్ అంటే గొట్టమే కదా! నిన్ననే పీకేశాను. మళ్లీ పెట్టాలా?

అల_విశాఖ
పెట్టండి, కానీ సన్నగా. పొగగొట్టం లావుగా ఉండాలి. ఆకుపచ్చ నీళ్లు కూడా ఉంచొచ్చు, ప్లాంక్టన్ అని చెప్పుకోవచ్చు 🙂

అనుమానాల_అప్పారావు
ఒక్కటే చివరి డౌటు. కోట్ల ఏళ్ల క్రితం గాలిలో ఇంతకంటే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ ఉండేదట. అప్పుడు కూడా గుల్లలు ఉన్నాయిగా?

సున్నపుతేట_మాస్టారు
ఉన్నాయి. మెల్లగా పెరిగితే కొండల మీది రాళ్లు అరిగి నదుల్లో కొట్టుకొచ్చి ఆల్కలినిటీ అందిస్తాయి, సముద్రం అడుగున ఉన్న సున్నం కూడా కరిగి సర్దుతుంది. ఆ సర్దుబాటుకి వేల ఏళ్లు కావాలి. 5 కోట్ల 60 లక్షల ఏళ్ల క్రితం ఒకసారి కొన్ని వేల ఏళ్లలో బోలెడు కార్బన్ బయటపడింది. అప్పుడు లోతు సముద్రంలో సున్నం పొర కరిగిపోయి ఎర్రమట్టి పొర మిగిలింది, డ్రిల్ చేసి తీసిన మట్టిలో ఇప్పటికీ కనిపిస్తుంది. ఇప్పుడు మనం వదిలే వేగం అప్పటికన్నా ఎక్కువ. నెలజీతం నెలంతా ఖర్చు పెట్టడానికీ, ఒకటో తారీఖునే ఊడ్చేయడానికీ ఉన్న తేడా ఇది అప్పారావుగారూ.

అనుమానాల_అప్పారావు
ఒకటో తారీఖు ఉదాహరణ గట్టిగా తగిలింది. సెలవు.

బాపట్ల_నాన్న
(ఆదివారం రాత్రి) అందరికీ అప్‌డేట్. ఫెయిర్ అయింది. పొగగొట్టం లావుగా, డ్రెయిన్ సన్నగా పెట్టాం. గ్లాసులో సోడా పోస్తుంటే మొదట తెల్లబడగానే ఒక జడ్జిగారు "ఓకే, పాలవలె మారింది, తెలుసు" అని కదలబోయారు. మా అమ్మాయి "సార్, అయిపోలేదు" అని ఇంకో అరసీసా పోసింది. తేటపడేదాకా ఆయన అక్కడే నిలబడ్డారు. తర్వాత చుట్టుపక్కల పిల్లలంతా మళ్లీ చెయ్యమని గొడవ. ఆరు సోడాలు అయిపోయాయి. రెండో బహుమతి వచ్చింది. మొదటిది హైడ్రాలిక్ జేసీబీకి ఇచ్చారు, దానితో ఎవరూ పోటీ పడలేరు లెండి.

ఇంట్లో బకెట్టుడు సున్నపు తేట మిగిలింది. ఏం చెయ్యమంటారు?

చెరువుగట్టు_శ్రీను
పారబొయ్యకండి. అడుగున ఉన్న ముద్దతో సహా భీమవరం బస్సెక్కించండి, నిన్న రాత్రి వర్షానికి మా చెరువు ఆల్కలినిటీ మళ్లీ 80కి పడింది.